తిట్టి పిలిపించుకునే సౌకర్యం

మా హాల్లో ఒకామె బ్యాగు సర్దుకుంటోంది.

ముందు వాక్యూమ్ గొట్టాన్ని చుట్టలు చుట్టి అడుగున పెట్టింది. దాని మీద స్ప్రే సీసాలు, మూతలు పైకి ఉండేలా నిలబెట్టింది. అద్దాలు తుడిచిన నీలం గుడ్డలు ఒక సంచిలో, స్నానాలగది తుడిచిన ఎర్ర గుడ్డలు ఇంకో సంచిలో. చెప్పులకు తొడుక్కున్న ప్లాస్టిక్ తొడుగులు విప్పి పక్క జేబులో కుక్కింది. జిప్పు లాగింది. "థాంక్యూ మేడమ్, రేటింగ్ ఇవ్వండి" అంది. తలుపు పడింది.

ఆమె పేరేమిటో నాకు తెలియదు. నా పేరేమిటో ఆమెకు తెలియదు. ఈ జన్మలో మళ్ళీ ఒకరి మొహం ఒకరం చూసుకోబోము. ఇంతకంటే అదృష్టం ఏముంటుందో మీరే చెప్పండి!

నవ్వకండి. నేను నిజంగానే అంటున్నాను. మనిషి ఇంతవరకు కనిపెట్టిన వాటిలో ఇళ్ళు శుభ్రం చేసే కంపెనీని మించింది లేదు. చక్రం గొప్పదే, కాదనను. కానీ చక్రం వల్ల ఏమైంది? బళ్ళు వచ్చాయి, బస్సులు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి. జనం వాటిలో ఎక్కి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు! కంపెనీ అలాంటి పాపం చేయదు. వెళ్ళిపోతే బాధ కలిగేంత సేపు అది ఎవరినీ మన ఇంట్లో ఉండనివ్వదు.

నేను మొదటి నుంచీ జిప్పు చప్పుడుకి జడుసుకునే మనిషిని. మా చెల్లెలు కాపురానికి వెళ్ళిన నాడు ట్రంకుపెట్టె మూత పడిన చప్పుడు, మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన నాడు రెండు జతల బట్టలు కుక్కిన చేతిసంచి జిప్పు చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. ఎవరైనా అటక మీది సూట్‌కేసుకి దుమ్ము దులిపినా నాకు గుండె దడదడలాడుతుంది. అలాంటిదాన్ని, పక్షానికోసారి నా కళ్ళెదుటే ఒకరు బ్యాగు సర్దుకుని పోతుంటే బిస్కెట్ నములుతూ చూస్తున్నానంటే, అది ఎవరి చలవ? కంపెనీ చలవే!

నేను మా మేనకోడలి ఇంట్లో ఉంటాను. తను రోజంతా చెవులకు డిప్పలు తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుతూ ఉద్యోగం చేస్తుంది. ఈ కంపెనీని ఇంటికి తెచ్చింది తనే.

"అత్తా, ఇందులో హాయి ఏంటంటే, మనుషులతో తలనొప్పి ఉండదు" అంది.

"మరి తుడిచేదెవరే?"

"మనుషులే. కానీ తలనొప్పి ఉండదు."

ఎంత లోతైన మాట! అనుభవం మీద గాని నాకు అర్థం కాలేదు.

పాతకాలపు పనిమనిషిని గుర్తు చేసుకోండి. ఆమె రోజూ వచ్చేది. ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ గిన్నెకి మాడు పడుతుందో ఆమెకు తెలుసు. అక్కడితో ఆగేదా? ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో కూడా తెలిసేది. "ఏంటమ్మా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి?" అని అడిగేది. ఎంత అమర్యాద! మన కళ్ళు ఏ రంగులో ఉంటే ఆమెకెందుకు? మనం కూడా తక్కువ తిన్నామా? "మీవాడికి జ్వరం తగ్గిందా?" అని అడిగేవాళ్ళం. ఇలా ఒకరి జ్వరం ఒకరు పట్టించుకుంటూ ఏళ్ళకి ఏళ్ళు వృథా చేశాం.

కంపెనీ మనిషి అలా అడగదు. మీరు హాల్లో పడి ఏడుస్తున్నా మీ చుట్టూ తుడుచుకుంటూ పోతుంది. కన్నీళ్ళు నేల మీద పడితే ఆ చోటు మళ్ళీ ఒకసారి తుడుస్తుంది. అదీ క్రమశిక్షణ!

ప్రతిసారీ కొత్త మనిషే రావడం కంపెనీ పెట్టిన గొప్ప నియమం. దానివల్ల ఎన్ని లాభాలో! వచ్చిన ప్రతి మనిషికీ బకెట్టు ఎక్కడుందో, గీజర్ స్విచ్ ఏదో, ఏ కుళాయిని గట్టిగా తిప్పకూడదో మొదటినుంచీ చెప్పాలి. పక్షానికోసారి నేను ప్రదర్శనశాలలో గైడులా ముందు నడుస్తాను. "ఇటు చూడండి, ఇది వంటగది. ఈ కిటికీ గొళ్ళెం ఊడి చాలాకాలమైంది." నా వయసు వాళ్ళకి మతిమరుపు వస్తుందంటారు. నాకెలా వస్తుంది? కంపెనీ రానివ్వదు కదా!

ఇక వాళ్ళ పని పంపకం చూసి తీరాలి. ఒకసారి వచ్చినామె ఫ్యాను రెక్కలు మూడూ తళతళలాడించి స్టూలు దిగిపోయింది. పైన రాడ్డుకి బూజు ఉయ్యాల ఊగుతోంది.

"అది కూడా ఓ చెయ్యి వెయ్యమ్మా" అన్నాను.

"రెక్కలు మా ప్యాకేజీ మేడమ్. రాడ్డు డీప్ క్లీనింగ్ వాళ్ళది."

"రెక్కలు వేలాడేది రాడ్డుకే కదమ్మా?"

"మీరన్నది నిజమే మేడమ్. కానీ ఆ టీమ్ వేరు."

ఆ టీమ్ వచ్చి రాడ్డు తుడిచింది. ఆ దుమ్మంతా రెక్కల మీద పడింది. రెక్కలు వాళ్ళ ప్యాకేజీలో లేవు! ఈ విధంగా ఒక్క ఫ్యాను ఇద్దరికి జీవితాంతం ఉపాధి చూపించగలదు. నిరుద్యోగం గురించి పెద్దవాళ్ళు సభలు పెడుతుంటారు. వాళ్ళని ఒకసారి మా ఫ్యాను కిందకి వచ్చి కూర్చోమనండి.

ఫొటోల సంగతి చెప్పలేదు కదూ. పని మొదలెట్టే ముందు ఒక ఫొటో, అయ్యాక ఒక ఫొటో తీసి కంపెనీకి పంపాలి. నాదొక జబ్బు. పరాయివాళ్ళు వస్తున్నారంటే ఇల్లు మురికిగా కనబడుతుందేమోనని వాళ్ళు రాకముందే ఒకసారి తుడిచేస్తాను. పాపం, వచ్చినామె గదంతా కలయతిరిగి దిగాలుగా నిలబడిపోయింది.

"ఏంటండీ ఇది? 'ముందు' ఫొటోకి ఏమీ లేదు!"

ఆమె మొహం చూస్తే నాకే సిగ్గేసింది. ఇద్దరం కలిసి సోఫా దిండ్లు కింద పడేశాం. పాత పేపర్లు చెదరగొట్టాం. నేను ఒక బిస్కెట్ నలిపి చల్లాను. ఫొటో అదిరింది! కంపెనీ వాళ్ళు దాన్ని ప్రకటనలో వేసుకున్నారని విన్నాను. ఏదో నా వంతు సేవ.

పని అయ్యాక ఫోన్ వస్తుంది. "మేడమ్, మా సేవలను మీ స్నేహితులకు సిఫార్సు చేస్తారా? సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి."

"నా స్నేహితులు చాలామంది పోయారమ్మా" అన్నాను.

కస్టమర్ కేర్ అమ్మాయి కీబోర్డు మీద ఏదో టకటకలాడించింది. "అయితే ఎనిమిది వేసుకోనా మేడమ్?"

వేసుకోమన్నాను. చావుకి కూడా ఎనిమిది మార్కులిచ్చే ఉదారత ఇంకెవరికుంది?

ఇలా నా జీవితం ప్రశాంతంగా సాగుతుండగా ఒకరోజు కంపెనీలో ఏదో పొరపాటు జరిగింది. వాళ్ళు మా ఇంటికి ఒక మనిషిని పంపారు.

నలభై దాటిన మనిషి. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెట్లెక్కింది. లోపలికి వచ్చి "మేడమ్, ఓటీపీ" అంది, అందరిలాగే. చొక్కా మీద బిళ్ళ కూడా అందరిలాంటిదే. కంపెనీ ఆ బిళ్ళ మీద పేరు రాయదు. ఎవరి బిళ్ళ చూసినా 'మీ శుభ్రతా నేస్తం' అనే ఉంటుంది. ఇన్ని వందల మంది నేస్తాలు, ఒక్కరికీ పేరు లేదు!

కాసేపటికి స్నానాలగదిలోంచి మాటలు వినబడ్డాయి.

"ఏమే, ఇక్కడే కాపురం పెట్టేశావా? అద్దె ఎవడు కడతాడు? లే, లే! కదలవూ? నిన్ను ఎవరే ఇంత గారాబం చేసి పెంచారు?"

ఫోన్‌లో కోడల్ని తిడుతోందనుకుని తొంగిచూశాను. ఫోన్ లేదు. కుళాయి కింద తెల్లగా పేరుకున్న చారని రుద్దుతోంది.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?"

"మరకతోనండి మేడమ్. ఊరికే రుద్దితే పోదండి. దానికి సిగ్గు పుట్టాలి."

ఎన్నాళ్ళయిందో నేను పైకి నవ్వి. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఆ పూట ఇల్లంతా ఆమె గొణుగుడే. కిటికీ ఊచల్ని కసిరింది. గ్యాస్ పొయ్యి కింది జిడ్డుని బతిమాలింది. ఫ్రిజ్ వెనక బూజుని "సరేలే, పెద్దదానివి, నీ అంతట నువ్వే దిగు" అని గౌరవించింది. మనసులో ఆమెకు గొణుగుడమ్మ అని పేరు పెట్టేసుకున్నాను. బిళ్ళ మీద లేని పేరు మనమే పెట్టుకోవాలి మరి!

టీ ఇచ్చాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దండి. కస్టమర్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు, కూర్చోకూడదు. రూలు."

"తాగితే ఎవరికి తెలుస్తుందమ్మా?"

"దీనికి తెలుస్తుందండి" అని ఫోన్ చూపించింది. ఒక్క క్షణం కప్పు వైపు, ఒక్క క్షణం ఫోన్ వైపు చూసింది. తర్వాత ఫోన్‌ని వాషింగ్ మిషన్ మీద బోర్లా పడుకోబెట్టి పొడిగుడ్డ కప్పింది. "కాసేపు నిద్రపో నాయనా" అంది దానితో. వచ్చి నా పక్కన కూర్చుంది.

వెళ్ళేటప్పుడు థాంక్యూ అనలేదు, రేటింగ్ అనలేదు. "వెళ్ళొస్తానమ్మా" అంది. అనేశాక నాలుక కరుచుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అనడిగాను. కంపెనీ వాళ్ళని అడగకూడని మాట అదొక్కటే.

"నా చేతుల్లో ఏముందమ్మా? ఫోన్ ఎటు పొమ్మంటే అటు పోవడమే."

"నిన్నే పంపమని అడుగుతాను."

"అడిగితే అస్సలు పంపరు. మనమూ మనమూ మాట్లాడేసుకుని కంపెనీకి పంగనామాలు పెడతామని వాళ్ళ భయం."

"పోనీ, బాగా చేశావని గొప్పగా చెప్తాను."

"అయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండమ్మా! మెచ్చుకుంటే పెద్దిళ్ళకి మార్చేస్తారు. మా వీధిలో ఒకామెని అందరూ తెగ మెచ్చుకున్నారు. ఊరి చివర విల్లాలకి వేశారు. బస్సు దిగి లోపలికి నడవలేక చస్తోంది. మిమ్మల్ని అందరినీ తిట్టుకుంటోంది."

"మరెలాగమ్మా?"

గొణుగుడమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"తిట్టండి."

"ఆఁ?"

"ఏదో ఒక మూల సరిగ్గా తుడవలేదని పెట్టండి. చేసిన మనిషే వచ్చి మళ్ళీ చేసిపోవాలి, అదీ రూలు. ఒక్క మూలకే అయినా పూటంతా ఇస్తారు. హాజరు పడుతుంది. తుడిచేసి కాసేపు కూర్చుంటా. ఇళ్ళన్నీ తుడుస్తాను గాని, కుర్చీ ఎలా ఉంటుందో నా చేతులకే తెలుసమ్మా. నడుముకి తెలీదు."

చూశారా కంపెనీ మేధస్సు! మామూలు ప్రపంచంలో మనిషి మళ్ళీ రావాలంటే ఏం చేస్తాం? మంచి మాట చెప్తాం. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపుతాం. అలా సాగనంపిన వాళ్ళలో ఎంతమంది వచ్చారు? నా లెక్క అడగకండి. కంపెనీ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. మనం పొగిడినవాళ్ళని దూరం పంపుతుంది, మనం తిట్టినవాళ్ళని మన దగ్గరికే వెనక్కి పంపుతుంది! ఈ సౌకర్యం నా చిన్నతనంలోనే ఉంటే ఎంతమందిని తిట్టి ఉండేదాన్నో.

మర్నాడే ఫోన్ చేశాను. నాకు ఫిర్యాదు చేసే అలవాటు లేదు. హోటల్లో టీలో ఈగ పడితే ఈగకి క్షమాపణ చెప్పుకునే రకం.

"స్నానాలగదిలో తలుపు వెనక మూల సరిగ్గా తుడవలేదమ్మా."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. ఫొటో పంపగలరా?"

ఫొటో! వెళ్ళి చూస్తే ఆ మూల అద్దంలా మెరుస్తోంది. నా మొహం కనబడుతోంది. ఏం చెయ్యను? మేనకోడలి బూట్ పాలిష్ డబ్బా తెచ్చి రెండు వేళ్ళతో బాగా పట్టించాను. ఫొటో తీసి పంపాను. వాళ్ళు అటువైపు నిర్ఘాంతపోయి ఉంటారు.

రెండోరోజు మధ్యాహ్నానికి గొణుగుడమ్మ గుమ్మంలో ఉంది! మేడమ్ అనడం మానేసి నేరుగా స్నానాలగదిలోకి నడిచింది. లోపల్నుంచి కేక.

"ఇదేంటమ్మా ఇది!"

"బూట్ పాలిష్."

"ఎవరైనా బూట్ పాలిష్ పూస్తారా! చారెడు టీ పొడి తడిపి పామితే చాలదూ? ఇది వదలాలంటే చెయ్యి పడిపోతుంది. కూర్చుందామని వస్తే నడుం విరగ్గొట్టే పని పెట్టారే!" అని మరక వైపు తిరిగింది. "నల్లమొహమా, నిన్ను పిలిచిందెవరే?"

"నేనే పిలిచాను" అన్నాను.

ఇద్దరం గోడకి ఆనుకుని నవ్వాం. మేనకోడలు గదిలోంచి వచ్చి చెవుల డిప్ప ఒకటి పక్కకి లాగి, "అంతా ఓకేనా అత్తా?" అంది. అంతా ఓకేనే అన్నాను. డిప్ప మళ్ళీ చెవి మీదకి పోయింది.

ఆ తర్వాత నేను మరకలు పెట్టడంలో ఆరితేరాను. టీ పొడి తడిపి కిటికీ గట్టు మీద పూస్తే పాతకాలపు మట్టిలా కనబడుతుంది. అందులో చిటికెడు బొగ్గుపొడి కలిపితే కంపెనీ వెంటనే కదులుతుంది. నేను బడికి వెళ్ళిన మనిషిని కాను. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి విప్పి చదువు నేర్చుకున్నాను. ఇంతకాలం చదివిన చదువంతా ఫిర్యాదులు రాయడంలో అక్కరకొచ్చింది. 'అద్దం తుడిచిన పిదప కూడా ఎదురింటి గోడ అట్లే కనబడుచున్నది' అని ఒకసారి రాశాను. దానికీ క్షమాపణ చెప్పారు!

ఇక ఆ మధ్యాహ్నాలు! గొణుగుడమ్మ వచ్చేది, మరకని నాలుగు తిట్టి సాగనంపేది, ఫోన్‌ని నిద్రపుచ్చేది. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బకెట్టు బోర్లించి దాని మీద కాళ్ళు చాపేది. నేను వారపత్రికలో సీరియల్ పైకి చదివేదాన్ని. మొదట అమ్మా అనేది కాస్తా, సీరియల్ మొదలయ్యాక పెద్దమ్మా అనడం మొదలుపెట్టింది.

"ఆ పిల్లని ఆ ఇంట్లోంచి బయటికి రమ్మనండి పెద్దమ్మా! దానికి బుద్ధి లేదా?"

"నేను రమ్మంటే వస్తుందటే? రాసేవాడు రానివ్వాలి."

"అయితే వాడి మీద ఫిర్యాదు పెట్టండి. వచ్చి మళ్ళీ రాస్తాడు!"

నాకు లోపల మాత్రం ఒక బెంగ పీకుతూనే ఉండేది. నా స్వభావమే అంత. మనసు హాయిగా ఉంటే ఎక్కడో ఏదో తప్పు జరుగుతోందని అర్థం. ఒకసారి అడిగేశాను.

"ఇన్నిసార్లు నీ మీద చెప్తున్నాను. నీ పనికేమైనా ముప్పొస్తుందేమోనే. మానేద్దామా?"

"ఏం ముప్పు? తిడతారు. తిట్లు నాకు కొత్తా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే తిడుతుంటాను!" అని నవ్వింది. మడమలు బకెట్టు మీద సర్దుకుంది. "నాకు కూడా వారానికోసారి ఎక్కడో ఒకచోట కాళ్ళు చాపుకోవాలి కదా పెద్దమ్మా. ఆ పిల్ల ఏం చేసిందో చదవండి ముందు."

చదివాను.

ఆ మరుసటి వారం ఫోన్ వచ్చింది. నేను చేసింది కాదు. కంపెనీయే చేసింది.

"మేడమ్, మీకొక శుభవార్త! మీకు పదేపదే నాసిరకం సేవ అందించిన సిబ్బందిని మా ప్లాట్‌ఫామ్ నుంచి శాశ్వతంగా తొలగించాం. మీ ఇంటికే కాదు, ఇక ఎవరింటికీ పంపం. మీ ఓపికకి కృతజ్ఞతగా ఒక సోఫా షాంపూ ఉచితం!"

నేను ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"అమ్మా, ఆమె తప్పేమీ లేదమ్మా. మరకలు నేనే పెట్టాను."

ఆ అమ్మాయి గొంతు మరీ మెత్తబడింది.

"మేడమ్, ఆమె మిమ్మల్ని ఏమైనా బెదిరించిందా?"

"లేదమ్మా! టీ పొడి తడిపి నేనే పూశాను. అంతకుముందు బూట్ పాలిష్ కూడా పూశాను!"

"అర్థమైంది మేడమ్. మీరు చాలా మంచి మనసున్నవారు. మీ వయసులో ఇలా జాలిపడటం సహజం. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇస్తారా?"

ఈ ఇంట్లో నాకంటే పెద్దది బీరువా కూడా కాదు! అయినా మేనకోడలి గదిలోకి పరిగెత్తాను. మీటింగు నడుస్తోంది. జీవితంలో మొదటిసారి నేనే దాని చెవుల డిప్పలు లాగేశాను.

అంతా విని అది కుర్చీ నా వైపు తిప్పింది.

"ఇన్నాళ్ళూ మరకలు నువ్వే పూశావా?"

"ఊఁ."

"నీకేం కావాలో నన్ను అడగొచ్చు కదా అత్తా!"

"ఏమని అడగనే? నాతో మాట్లాడటానికి ఒక మనిషిని బుక్ చెయ్యమనా? నువ్వు పక్కగదిలోనే ఉన్నావు కదా!"

పాపం, మంచి పిల్ల. మీటింగు వదిలేసి కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసింది. వాళ్ళు సంగీతం వినిపించారు. చాలాసేపు వినిపించారు. చివరికి ఒకాయన వచ్చి, మూసేసిన ఫిర్యాదుని తెరవడం కుదరదన్నాడు. పోనీ, అవన్నీ అబద్ధాలని కొత్తగా రాసిస్తామంది. ఫిర్యాదు వెనక్కి తీసుకునే వీలు తమ సిస్టమ్‌లో లేదన్నాడు. ఇంతవరకు ఎవరికీ ఆ అవసరం రాలేదట!

"ఆమె నంబరు ఉందా అత్తా?" అంది, ఫోన్ పక్కన పెట్టి.

ఎలా ఉంటుంది? ఆమె మాకు ఫోన్ చేసినా కంపెనీ నంబరే కనబడుతుంది. అది మన గోప్యత కోసం. గోప్యత ఎంత బాగా పనిచేసిందో చూడండి!

"పోనీ, పేరు?"

"మరకల్ని తిడుతుంది."

"అది పేరా అత్తా!"

ఎక్కడుంటుందో కూడా నాకు సరిగ్గా తెలియదు. రెండు బస్సులు మారాలని, బస్సు దిగాక రేకుల దుకాణం పక్క సందని ఒకసారి అంది. మేనకోడలు సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆ బస్సులు వెళ్ళే దారిలో రేకుల దుకాణాలు ఎన్ని ఉన్నాయో! ప్రతి దుకాణం పక్కా ఒక సందు. ప్రతి సందులో పొద్దున్నే పనికిపోయే ఆడవాళ్ళు. "ఎవరమ్మా మీకు కావలసింది?" అని అడిగిన వాళ్ళకి నేను ఏం చెప్పాలి? మోకాళ్ళ నొప్పులు ఉన్నామె అన్నాను. ఒకావిడ నవ్వింది. "ఈ వీధిలో అందరికీ ఉన్నాయి, ఏ మోకాలు కావాలమ్మా?" అంది.

మళ్ళీ ఇంటికొచ్చాం.

మీరు జాలిపడనక్కర్లేదు. నేను మొదలుపెట్టిన మాట మీదే ఉన్నాను. కంపెనీ గొప్పదే! ఇప్పుడు మా ఇంటికి పక్షానికోసారి కొత్త మనిషి వస్తుంది. ఎవరూ మరకల్ని తిట్టరు, నిశ్శబ్దంగా తుడుస్తారు. అవి నిశ్శబ్దంగా పోతాయి. ఒకామెని, "మీలో మరకలతో మాట్లాడే ఆమె ఉండేది, తెలుసా?" అని అడిగాను. "మాకు ఒకరికొకరం తెలీదు మేడమ్. ఎవరి ఇల్లు వాళ్ళకి ఫోన్‌లో వస్తుంది" అంది. సోఫా షాంపూ కూడా చేసి వెళ్ళారు. సోఫా కొత్తదానిలా ఉంది. ఎవరూ కూర్చోరు కాబట్టి అలాగే ఉంటుంది.

వాళ్ళ మర్యాదకీ వేగానికీ నేను సాక్ష్యం చెబుతాను. నేను ఇచ్చిన ఫిర్యాదులన్నీ అబద్ధాలు. అన్నిటికీ వెంటనే క్షమాపణ చెప్పారు, వెంటనే మనిషిని పంపారు. చివరిసారి ఒక్కటంటే ఒక్కటి నిజమైన ఫిర్యాదు ఇద్దామని ఫోన్ చేశాను.

"చెప్పండి మేడమ్. మరక పోలేదా, వస్తువు పగిలిందా, వస్తువు పోయిందా?"

"పోయింది" అన్నాను.

"చింతిస్తున్నాం మేడమ్. వస్తువు పేరు చెప్పండి."

నేను చెప్పలేకపోయాను.

"పేరు లేకుండా ఫిర్యాదు తీసుకోలేం మేడమ్" అని, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి, ఫోన్ పెట్టేసింది.

గొణుగుడమ్మ మా ఇంటికి చివరిసారి వచ్చింది వానలు మొదలైన వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం. మళ్ళీ రాలేదు.